మూత ఉన్న కుంపటి: 22 అంగుళాల కెటిల్ గ్రిల్‌తో మూడేళ్లు

డాలస్ చుట్టుపక్కల కొత్తగా ఇల్లు కొనుక్కున్న తెలుగు మిత్రులు, పెరట్లో మాంసం కాల్చుకోవడానికి ఏ గ్రిల్ కొనాలని నన్ను తరచూ అడుగుతారు. వారిలో చాలామంది అప్పటికే గ్యాస్ గ్రిల్‌నో, కరెంటుతో నడుస్తూ కట్టెపొట్టు గుళికలను కాల్చే పెల్లెట్ స్మోకర్‌నో చూసి వచ్చి ఉంటారు. నేను మాత్రం మూడేళ్లుగా వాడుతున్న 22 అంగుళాల బొగ్గుల కెటిల్ గ్రిల్‌నే చూపిస్తాను. ఈ ఆకృతిలో గ్రిల్లులను ఇప్పుడు అనేక సంస్థలు తయారు చేస్తున్నాయి కాబట్టి, ఈ సమీక్ష ఏదో ఒక సంస్థ సరుకు గురించి కాక ఆ ఆకృతి గురించి రాసినదిగా భావించాలి. నా అభిప్రాయం ముందే చెప్తాను: కోడి కాళ్లు ముప్పావు గంటలో కాల్చుకోవాలన్నా, మేక జబ్బను ఏడు గంటలు పొగలో మగ్గించుకోవాలన్నా రెండు పనులనూ ఇంత తక్కువ ఖర్చులో చేసిపెట్టే పొయ్యి నాకు మరొకటి కనబడలేదు. అయితే గాలిని అదుపు చేయడం నేర్చుకునే ఓపిక లేనివారు దీనిని కొనకపోవడమే మంచిది.

ఈ ఆకృతి 1952లో పుట్టింది. షికాగోలోని వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్ అనే కర్మాగారంలో పనిచేసే జార్జ్ స్టీఫెన్, నీటిపై తేలే బోయాల కోసం అక్కడ తయారయ్యే లోహపు అర్ధగోళాలను చూసి, ఒకదానికి కాళ్లు తగిలించి, రెండోదానిని మూతగా బోర్లించాడు. మూత లేని గ్రిల్ మీద గాలి వీస్తే బూడిద వచ్చి మాంసం మీద పడుతుంది, కొవ్వు కారితే మంట భగ్గున లేస్తుంది. మూత పెట్టగానే మంట అణుగుతుంది, సెగ లోపలే తిరుగుతుంది, పొగ మాంసాన్ని పట్టుకుంటుంది. డెబ్బై ఏళ్లు దాటినా ఆ గుండ్రని రూపంలో పెద్ద మార్పేమీ రాకపోవడానికి కారణం అదేనని నేను నమ్ముతాను.

అడుగున మూడు గాలి కంతలు ఉంటాయి, వాటిని ఒకే పిడితో తెరుస్తాం, మూస్తాం. ఆ పిడిని అటూ ఇటూ తిప్పితే, కంతలను మూసే రేకులే బూడిదను కింది పళ్లెంలోకి ఊడ్చేస్తాయి. మూత మీద ఇంకొక కంత ఉంటుంది. కింది నుంచి వచ్చిన గాలి బొగ్గును రాజేసి, వేడెక్కి, మాంసం చుట్టూ తిరిగి పైనుంచి బయటికి పోతుంది. వేడి పెరగాలంటే ఇంకొంచెం బొగ్గు వేయాలని కొత్తవారు అనుకుంటారు గానీ, ఎంత బొగ్గు ఉన్నా గాలి అందిన మేరకే అది మండుతుంది. పై కంతను పూర్తిగా తెరిచి ఉంచి, కింది కంతలతోనే వేడిని దిద్దుకోవాలి. మొదటి నెలలో నేను దీనికి విరుద్ధంగా చేశాను. పై కంతను దాదాపు మూసేసి, సందుల్లోంచి తెల్లగా, దట్టంగా వస్తున్న పొగను చూసి బాగా పడుతోందని సంతోషించాను. ఆ రోజు కోడి మసి తిన్నంత చేదుగా ఉండి, పిల్లలు రెండో ముద్ద ముట్టుకోలేదు. కట్టె సరిగ్గా మండుతున్నప్పుడు వచ్చే పొగ పలచగా, లేత నీలం రంగులో, చూస్తే ఉందా లేదా అన్నట్టుగా ఉంటుంది. ఆ పొగ కనబడే దాకా మాంసాన్ని లోపల పెట్టకూడదని అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాను.

మా అమ్మ ఒంగోలు నుంచి వచ్చి మాతో నాలుగు నెలలు ఉన్నప్పుడు, ఒక శనివారం పొద్దున్నే నేను బొగ్గులు పేర్చడం చూసి, "ఒరేయ్, ఇది మన దాలేరా," అంది. పిడకలు అంటించి, పైన ఊక కప్పి, గాలి ఆడీ ఆడనట్టు ఉంచి, పాల కుండను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాచే దాలి గుంతను చూసినవారికి ఈ గ్రిల్ సూత్రం వేరే చెప్పనక్కర్లేదు. ఆ పాలకు ఎర్రని మీగడ కట్టడానికీ, ఇక్కడ మాంసం మెత్తబడడానికీ కావలసింది ఒకటే: తక్కువ సెగ, ఎక్కువ సమయం.

ఆ రోజు చేసినది మేక జబ్బ. హలాల్ దుకాణంలో ఎముకతో సహా కోయకుండా ఇమ్మని అడిగి తెచ్చుకున్నది, ఐదు పౌండ్లు ఉంది. పొగలో మగ్గించడానికి తొడ కంటే జబ్బ మేలు, ఎందుకంటే నడకకు ఎక్కువ పనిచేసే ఆ కండరాల మధ్య బంధక కణజాలం ఎక్కువగా ఉంటుంది; అందులోని కొల్లాజెన్ గంటల తరబడి సెగకు కరిగి జెలటిన్‌గా మారి మాంసాన్ని తడిగా ఉంచుతుంది. ముందు రోజు రాత్రే ఉప్పు పట్టించి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచాను. పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించే మన అలవాటును ఇక్కడ వదులుకోవాలి, తడి ముద్ద ఉంటే పైపొర గట్టిపడదు. మిరియాలు, ధనియాలు బరకగా దంచి, కొంచెం కారం కలిపి చల్లితే చాలు.

బొగ్గు పేర్చే పద్ధతిని ఇక్కడివారు పాము అంటారు. గ్రిల్ లోపలి గోడ వెంబడి, కింద రెండు, పైన రెండు చొప్పున బ్రికెట్లను, అంటే బొగ్గుపొడిని అచ్చులో నొక్కి చేసిన ముద్దలను, ముప్పావు వంతు వలయంగా పేర్చి, వాటి మీద పిడికిలంత కట్టె ముక్కలు నాలుగైదు దూరం దూరంగా పెట్టాలి. చిమ్నీలో, అంటే బొగ్గు రాజేసే రేకు గొట్టంలో, రాజేసిన పది బ్రికెట్లను వలయానికి ఒక కొసన వేస్తే, అగరువత్తి కాలినట్టు నిప్పు మెల్లగా రెండో కొస దాకా పాకుతుంది. మధ్యలో రేకు పళ్లెంలో వేడినీళ్లు పోసి, మాంసాన్ని దానికి పైన, నిప్పుకు దూరంగా ఉంచాలి. కింది కంతలు సన్నని సందు మాత్రం తెరిచి ఉంచితే, లోపల 250 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 121 డిగ్రీల సెల్సియస్ నిలబడుతుంది. ఆ రోజు ఏడింటికి మొదలుపెట్టిన పాము మధ్యాహ్నం రెండు దాటినా ఇంకా జానెడు మిగిలే ఉంది.

నాలుగో గంటలో మాంసం లోపలి వేడి 158 డిగ్రీల దగ్గర ఆగిపోయి, గంటకు పైగా కదలలేదు. మొదటిసారి ఇలా జరిగినప్పుడు నిప్పు ఆరిపోతోందేమోనని నేను కంగారుపడి గాలి కంతలన్నీ తెరిచాను, అది పొరపాటు. మట్టి కుండ చెమర్చి నీళ్లను చల్లబరిచినట్టే, మాంసం పైనుంచి తడి ఆవిరవుతూ అందిన వేడినంతా తీసుకుపోతుంది. ఓపికతో ఆగవచ్చు, లేదా పైపొర ముదురు రంగుకు వచ్చాక అల్యూమినియం రేకులో బిగించి చుట్టేయవచ్చు. నేను పావు కప్పు ఎముకల రసం పోసి చుట్టాను. 200 డిగ్రీలకు చేరాక థర్మామీటరు మొన వెన్నలో దిగినట్టు దిగింది, అరగంట పక్కన పెట్టి విప్పేసరికి ఎముక చేతికి వచ్చేసింది. పైన నల్లని పెచ్చు, దాని కింద పలచని గులాబి రంగు పొర, లోపల బూడిద గోధుమ రంగు. ఆ గులాబి రంగు చూసి అమ్మ ఉడకలేదేమో అంది. కట్టె, బొగ్గు మండినప్పుడు వచ్చే నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్‌తో కలిసి ఆ రంగును నిలబెడతాయని చెప్పాను. ఒక పీచు తుంచి నోట్లో వేసుకున్నాక ఆమె ఇంకేమీ అడగలేదు. జొన్న రొట్టె, పచ్చి ఉల్లిపాయ, నిమ్మకాయతో ఆ మధ్యాహ్నం భోజనం ముగిసింది.

కోడికి ఈ పద్ధతి పనికిరాదు. తక్కువ సెగలో కోడి తోలు రబ్బరులా సాగుతుంది. బొగ్గంతా ఒక పక్కకు నెట్టి, కంతలన్నీ తెరిచి, 400 డిగ్రీల వేడిలో ముక్కలను రెండో పక్క ఉంచి మూత పెట్టాలి. కోడి మాంసం లోపల 165 డిగ్రీలు, అంటే 74 సెల్సియస్ చేరితే తినడానికి సురక్షితం. కాళ్లు మాత్రం 180 దాకా పోతేనే ఎముక దగ్గర మెత్తగా ఉంటాయి. పెరుగు, గుంటూరు కారం పట్టించుకోవాలనుకునేవారికి ఇక్కడ అడ్డేమీ లేదు గానీ, నిప్పుల మీదికి చివరి రెండు నిమిషాలకే జరపాలి. మాడిన కారం ఎంత మంచి మాంసాన్నైనా చేదు చేస్తుంది.

లోపాలు చెప్పకపోతే ఈ సమీక్షకు న్యాయం జరగదు. మూతకు బిగించిన థర్మామీటరు, మాంసం ఉండే జాలీ దగ్గరి వేడిని కాక పైకప్పు దగ్గరి వేడిని చూపిస్తుంది. నా దానిలో తేడా 40 డిగ్రీల దాకా ఉంది. రెండు తీగలున్న డిజిటల్ థర్మామీటరు కొనేంత వరకు నా వంటంతా ఊహ మీదే సాగింది. కాళ్లు గొట్టాల్లో దోపి నిలబెట్టినవే కాబట్టి సిమెంటు గచ్చు మీద లాగేటప్పుడు ఒకటి ఊడివచ్చింది. అదృష్టవశాత్తూ అప్పుడు లోపల నిప్పు లేదు. నేను కొన్నది చౌక రకం, దాని జాలీకి పక్కన తెరుచుకునే రెక్కలు లేవు. మధ్యలో బొగ్గు వేయాలంటే మాంసంతో సహా కాలుతున్న జాలీని పైకెత్తాలి. రెక్కల జాలీ ఉన్న రకానికి కొంత ఎక్కువ పెట్టమని గట్టిగా చెప్తాను. బూడిద పళ్లెం కూడా తెరిచి ఉండే రకమే. వసంతంలో ఉత్తర టెక్సస్‌లో వీచే గాలికి బూడిద పక్కింటి కంచె దాకా పోతుంది. జాలీ వైశాల్యం సుమారు 360 చదరపు అంగుళాలు. పాము పేర్చినప్పుడు అంచుల మీద మాంసం పెట్టలేం కాబట్టి రెండు జబ్బలకు మించి పట్టవు, ఇరవై మందిని పిలిస్తే ఈ ఒక్కటి చాలదు.

పెల్లెట్ స్మోకర్ వేడిని తనే దిద్దుకుంటుంది, రాత్రంతా వదిలి నిద్రపోవచ్చు. అది కోరుకునేవారు దానినే కొనుక్కోవడం సబబు, అయితే దాని మాంసానికి పొగ రుచి తక్కువగా పడుతుందని నా నాలుకకు తెలిసింది.

కట్టె విషయంలో టెక్సస్‌లో ఉన్నవారికి కొరత లేదు. పొగలో మాంసం మగ్గించి అమ్మే మధ్య టెక్సస్ దుకాణాలు నమ్ముకున్న పోస్ట్ ఓక్ అనే ఓక్ రకం కట్టె పొగ అన్నిటికంటే నిదానమైనది. ఈ రాష్ట్ర వృక్షమైన పెకాన్ కొంచెం తీపి వాసననిస్తుంది, కోడికి బాగా నప్పుతుంది. మెస్కీట్ మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. ఊళ్లో తుమ్మ బొగ్గు మీద కాల్చిన మొక్కజొన్న కండె వాసన జ్ఞాపకం ఉన్నవారు దానిని వెంటనే గుర్తుపడతారు. దాని పొగ ఘాటుగా ఉంటుంది కాబట్టి అరగంటలో అయిపోయే వంటకే వాడతాను. పైన్ వంటి జిగురు కట్టెలు, రంగు వేసిన లేదా మందు పట్టించిన చెక్కలు ఎంత ఎండినా వాడకూడదు. బొగ్గు అంటించడానికి కిరోసిన్ వంటి ద్రవం కూడా వద్దు. చిమ్నీ కింద రెండు వార్తాపత్రిక కాగితాలు అంటిస్తే, పదిహేను ఇరవై నిమిషాల్లో పై బొగ్గు దాకా బూడిద రంగు పడుతుంది.

చలికాలంలో దీనిని గ్యారేజీలోకి లాగడం ప్రాణాంతకం, తలుపు తెరిచి ఉంచినా సరే. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. అపార్టుమెంటు బాల్కనీల్లో బొగ్గుల గ్రిల్లులను చాలాచోట్ల నిషేధించారు, కొనేముందు మీ ఒప్పందపత్రం చూసుకోండి. బూడిదను ఒకటి రెండు రోజులు చల్లారనిచ్చి, మూత ఉన్న రేకు డబ్బాలో పారేయండి.

నాకు గ్రిల్, చిమ్నీ, థర్మామీటరు అన్నీ కలిపి 300 డాలర్ల లోపే అయ్యాయి. మాంసం తీసేశాక నిప్పు వృథాగా పోనివ్వను. మిగిలిన కణికల మీద నూనె రాసిన రెండు పెద్ద వంకాయలు పెట్టి, తోలు నల్లగా మాడి పగిలి, తొడిమ దగ్గర రసం బుసబుసమనే దాకా తిప్పుతాను. వాటిని గిన్నె బోర్లించి చల్లారబెట్టి, తోలు తీసి, పచ్చిమిర్చి, చింతపండు, ఉప్పు వేసి నూరితే ఆ పచ్చడికి మాంసం పొగ వాసన కూడా పడుతుంది. తర్వాత కంతలన్నీ మూసేస్తే గాలి అందక నిప్పు ఆరిపోతుంది. కాలగా మిగిలిన బొగ్గును వచ్చే శనివారం చిమ్నీ అడుగున వేసుకుంటాను.