షిఫ్ట్ ఇన్‌చార్జ్ మంచోడైతే మేలా, మాట మీద నిలబడేవాడైతే మేలా?

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలకు పనికెళ్లేవాళ్లను కదిపి చూడండి, జీతం కంటే ముందు షిఫ్ట్ ఇన్‌చార్జ్ సంగతే చెప్తారు. పాలమూరు మనుషులకు ఇది కొత్తేం కాదు. కూలీలను పనులకు తీసుకెళ్లే మేస్త్రీ మాట నమ్మి ముంబై, పుణె దాకా వలసపోయిన జిల్లా ఇది.

ఇన్‌చార్జుల్లో ఒకాయన మనసున్న మనిషి. ఇంట్లో ఎవరికైనా బాగాలేదంటే వెంటనే సెలవిస్తాడు, బస్సు తప్పి ఆలస్యంగా వస్తే చూసీచూడనట్టు ఊరుకుంటాడు. మేనేజర్ ముందు మాత్రం నోరు పెగలదు. దసరా సెలవు ఖాయమన్న నోటితోనే, తీరా పండగ ముందురోజు "పైనుంచి ఆర్డర్, నేనేం చేయను" అంటాడు.

ఇంకొకాయన నవ్వడు. లేటైతే లేటే. కానీ నైట్ షిఫ్టులు వంతులవారీగా వేస్తాడు, తనవాళ్లను తప్పించడు. ఓటీ (ఓవర్‌టైమ్) రాస్తానంటే రాస్తాడు.

2002లో డర్క్స్, ఫెరిన్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. పైవాళ్ల మీద నమ్మకానికీ ఉద్యోగంలో తృప్తికీ సహసంబంధం 0.51 తేలింది (సున్నా అంటే సంబంధమే లేదు, ఒకటి అంటే పూర్తి సంబంధం). పనితీరుతో 0.16 మాత్రమే. ప్యాకింగ్ లైన్ ఎరిగినవాళ్లకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. అక్కడ వేగం మిషన్‌ది, మనిషిది కాదు.

నమ్మకం పనికొచ్చేది తప్పు జరిగినప్పుడు. ఒక్కో విడత మందు తయారీ వివరాలు రాసే బ్యాచ్ రికార్డులో తూకం అంకె తప్పుగా పడిందనుకోండి. ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సరైన అంకె వేసి, సంతకం, తేదీ పెట్టాలి. దాని మీదే దిద్దకూడదు, వైట్‌నర్ పూయకూడదు. అసలు తూకమే తప్పిందంటే డీవియేషన్, అంటే పద్ధతి తప్పిందన్న రిపోర్టు, రాయించాలి. మొదటాయన దగ్గర కుర్రాడు ఆ మాట బయటపెట్టడానికి జంకుతాడు. సార్ తిట్టడు నిజమే, కానీ రేపు ఆడిట్‌లో మేనేజర్ గద్దిస్తే ఈ కుర్రాడి పేరు చెప్పి సార్ తప్పుకుంటాడని తెలుసు. రెండో ఆయన నాలుగు తిట్టి, తనే క్యూఏ (నాణ్యత చూసే విభాగం) దగ్గరికి వెళ్లి మాట్లాడతాడు. తిట్లు తిన్నా ఆ రాత్రి టెన్షన్ ఉండదు.

నా ఓటు రెండో ఆయనకే. కాకపోతే ఊరి నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు మొదటి నెలలో పారిపోకుండా నిలబడాలంటే మొదటాయన దగ్గరే నయం.

డిపార్ట్‌మెంట్ మారబోయే ముందు "సార్ మంచోడేనా?" అని అడిగి లాభం లేదు. పోయిన దసరాకు నైట్ షిఫ్ట్ ఎవరెవరికి పడిందో సీనియర్లను అడగండి.