హోమ్ అసిస్టెంట్‌లో డిస్క్ నిండితే ఏది మేలు: చెరిపేయడమా, రాసేది తగ్గించడమా, ఎస్‌ఎస్‌డీ కొనడమా?

ఎండాకాలం వస్తే నాకు వచ్చే ప్రశ్నలు రెండే రకాలు. ఒకటి ఇన్వర్టర్ బ్యాటరీ గురించి. రెండోది, "అన్నా, హోమ్ అసిస్టెంట్‌లో డిస్క్ ఫుల్ అని చూపిస్తాంది, ఏం చేయాల?" అని. హోమ్ అసిస్టెంట్ అంటే ఇంట్లోని స్మార్ట్ పరికరాలను ఒకేచోట నుంచి నడిపే సాఫ్ట్‌వేర్. అనంతపురం టౌన్ నుంచే కాదు, గుంతకల్లు, డోన్, ప్రొద్దుటూరు వైపు నుంచి కూడా ఇదే ప్రశ్న. సెటప్ కూడా ఇంచుమించు అందరిదీ ఒకటే: రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్, 32 జీబీ మెమరీ కార్డు, నాలుగైదు స్మార్ట్ ప్లగ్గులు, బోరు మోటారు దగ్గర ఒక ఈఎస్‌పీ బోర్డు (వైఫై ఉన్న చిన్న సర్క్యూట్ బోర్డు), మిద్దె మీది ట్యాంకుకు లెవెల్ సెన్సర్. విడివిడిగా చెప్పేకంటే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

బ్యాకప్‌ల విషయంలో వాదనేమీ లేదు, ముందు అవి తీసేయండి. ప్రతి అప్‌డేట్‌కు ముందు బ్యాకప్ తీసుకొమ్మని టిక్ పెట్టి, మళ్ళీ ఆ పేజీ మొహం చూడనివాళ్ళే ఎక్కువ. కావలసినవి కంప్యూటర్‌లోకి దించుకుని మిగతావి డిలీట్ చేయండి. 2025 జనవరి వెర్షన్ నుంచి ఆటోమేటిక్ బ్యాకప్‌లు ఎన్ని ఉంచాలో మనమే చెప్పొచ్చు. మూడు చాలు. ఈ ఆటోమేటిక్ బ్యాకప్‌లు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి, కాబట్టి ఆ కీ ఉన్న ఫైలును వేరేచోట దాచుకోండి. కీ లేకపోతే బ్యాకప్ ఉండీ లేనట్టే.

కరెంటు కోతలున్న మన ఊళ్ళలో కాన్ఫిగ్ ఫోల్డర్‌ను కూడా ఒకసారి చూడాలి. సెన్సర్ల హిస్టరీ ఉండే డేటాబేస్ ఫైలు అక్కడే ఉంటుంది. కరెంటు పోయినప్పుడు అది చెడిపోతే, హోమ్ అసిస్టెంట్ ఆ ఫైలు పేరు చివర 'కరప్ట్' అని, తేదీ తగిలించి పక్కన పెట్టేస్తుంది. తర్వాత కొత్త ఫైలు మొదలుపెట్టి తన పని తాను చేసుకుపోతుంది. చెడిన ఫైలు మాత్రం అక్కడే పడి ఉంటుంది. అది జీబీల్లో ఉన్నా ఎవరూ పట్టించుకోరు. యూపీఎస్ లేని ఇళ్ళలో ఇలాంటివి ఒకటికి రెండు దొరకొచ్చు.

ఇప్పుడు పర్జ్, అంటే పాత హిస్టరీని చెరిపేయడం. చాలామంది మొదట చేసేది ఇదే. కానీ ఒకటి గమనించండి. మీరు ఏ సెట్టింగూ మార్చకపోతే రికార్డర్ (డేటాబేస్‌లో హిస్టరీ రాసే భాగం) పది రోజుల హిస్టరీనే ఉంచుతుంది. అంతకంటే పాతదాన్ని ప్రతి రోజూ తెల్లవారుజామున 4:12కు తనే చెరిపేస్తుంది. అంటే మీ డేటాబేస్ నాలుగు జీబీలు ఉందంటే అది పది రోజుల సరుకే. దాన్ని అయిదు రోజులకు తగ్గిస్తే సగం ఖాళీ అయ్యే మాట నిజమే, కానీ రోజుకు నాలుగు వందల ఎంబీ రాసేది ఎవరన్న ప్రశ్న అలాగే ఉంటుంది. ఎప్పుడో ఎవరో చెప్పారని ఆ అంకెను 90కో 365కో పెంచుకున్నవాళ్ళు మాత్రం ముందు దాన్ని వెనక్కి తేవాలి.

"పర్జ్ చేశాను, ఫైలు సైజు తగ్గలేదు" అన్నది ఇంకో ఫిర్యాదు. తగ్గదు. చెరిపేసిన చోటు ఫైలు లోపలే ఖాళీగా ఉంటుంది, డిస్క్‌కు తిరిగి రాదు. రావాలంటే రీప్యాక్ ఆప్షన్ కూడా ఆన్ చేసి పర్జ్ నడపాలి. నెలకోసారి, రెండో ఆదివారం, అది తనంతట తనే జరుగుతుంది. చిక్కేమిటంటే రీప్యాక్ జరిగేటప్పుడు డేటాబేస్ మొత్తాన్ని కొత్తగా రాస్తుంది, అందుకు దాదాపు ఆ ఫైలంత ఖాళీ జాగా కావాలి. డిస్క్ 95 శాతం నిండాక రీప్యాక్ నొక్కితే అది ముందుకు పోదు. అందుకే బ్యాకప్‌లు ముందు తీసేయమన్నాను. రీప్యాక్ నడుస్తున్నంతసేపు రాస్ప్‌బెర్రీ పై ఇన్వర్టర్ లైన్ మీద ఉండేలా చూసుకోండి.

ఇక నా ఓటు దేనికో దాచను. రాసేదాన్నే తగ్గించాలి.

లెక్క చూడండి. తలుపు సెన్సర్ రోజంతా కలిపి డేటాబేస్‌లో యాభై వరుసలు రాస్తే గొప్ప. బోరు దగ్గర మనవాళ్ళు త్రీ ఫేజ్ కోసం కరెంటు కొలిచే పీజెడ్ఈఎమ్ మాడ్యూళ్ళు మూడు పెడతారు. ఒక్కొక్కటి ఓల్టేజ్, కరెంట్, పవర్, యూనిట్లు, ఫ్రీక్వెన్సీ, పవర్ ఫ్యాక్టర్ అని ఆరు విలువలు ఇస్తుంది. మొత్తం పద్దెనిమిది. ఈఎస్‌పీ బోర్డును నడిపే ఈఎస్‌పీహోమ్ సాఫ్ట్‌వేర్‌లో దీని అప్‌డేట్ ఇంటర్వెల్ (ఎంతసేపటికోసారి కొలవాలన్నది) మామూలుగా 60 సెకన్లు. ఓల్టేజ్ పడిపోతే మోటారు వెంటనే ఆగాలని దాన్ని ఒక సెకనుకు తెస్తారు. విలువ మారకపోతే రికార్డర్ కొత్త వరుస రాయదు. కానీ మన దగ్గర వేసవిలో ఓల్టేజ్ స్థిరంగా ఉండే క్షణం ఎక్కడిది? 218.3, 218.9, 217.6 అంటూ ఊగుతూనే ఉంటుంది. సెకనుకు ఒకటి చొప్పున రోజుకు 86,400 వరుసలు, పది రోజులకు 8,64,000. ఇది ఒక ఫేజ్ ఓల్టేజ్‌కే. మిగతా రెండు ఫేజ్‌లు, కరెంట్, పవర్ కలుపుకుంటే కార్డు ఎందుకు నిండుతోందో వేరే చెప్పక్కర్లేదు. అదే 60 సెకన్లయితే పది రోజులకు 14,400 వరుసలు.

మోటారు రక్షణకు సెకను రీడింగ్ కావాలన్నది న్యాయమే. అయితే ఆ లాజిక్ ఈఎస్‌పీ బోర్డులోనే ఉండాలి, ఫిల్టర్ తగలకముందు వచ్చే అసలు విలువ మీద. అప్పుడు వైఫై లేకపోయినా, రాస్ప్‌బెర్రీ పై ఆగిపోయినా మోటారు ఆగుతుంది. హోమ్ అసిస్టెంట్‌కు పంపేటప్పుడు మాత్రం డెల్టా ఫిల్టర్ పెట్టండి: రెండు ఓల్టులకు పైగా మారితేనే పంపు, లేకపోతే వద్దు అని. వైఫై కాకుండా జిగ్‌బీ అనే వైర్‌లెస్ పద్ధతిలో నడిచే ప్లగ్గులయితే, వాటిని హోమ్ అసిస్టెంట్‌కు కలిపే జిగ్‌బీ2ఎమ్‌క్యూటీటీలో రిపోర్టింగ్ వ్యవధి పెంచుకోవచ్చు.

పరికరం దగ్గర తగ్గించడం వీలుకానివాటిని రికార్డర్‌లో ఎక్స్‌క్లూడ్ చేయాలి, అంటే రాయొద్దని చెప్పాలి. వైఫై సిగ్నల్ బలం, అప్‌టైమ్, పవర్ ఫ్యాక్టర్, ఫ్రీక్వెన్సీ వంటి వాటి గ్రాఫ్ మీరు చివరిసారి ఎప్పుడు చూశారు? తీసేయండి. డాష్‌బోర్డు మీద ప్రస్తుత విలువ కనిపిస్తూనే ఉంటుంది, ఆటోమేషన్లు పనిచేస్తూనే ఉంటాయి, హిస్టరీ మాత్రం ఉండదు. ఎక్కువ రాస్తున్నది ఎవరో తెలియకపోతే డేటాబేస్‌ను తెరిచి చూపే ఎస్‌క్యూలైట్ వెబ్ యాడ్-ఆన్ వేసుకుని ఎంటిటీల (ఒక్కో సెన్సర్ విలువ) వారీగా వరుసలు లెక్కపెట్టించండి. మొదటి పది పేర్లలోనే దొంగలు దొరుకుతారు.

ఒక్క జాగ్రత్త. యూనిట్లు లెక్కపెట్టే సెన్సర్‌ను ఎక్స్‌క్లూడ్ చేయకండి. ఎనర్జీ డాష్‌బోర్డు నడిచేది గంట గంటకూ తయారయ్యే దీర్ఘకాల స్టాటిస్టిక్స్ మీద. పర్జ్ వీటిని ముట్టుకోదు, సంవత్సరాలు ఉంటాయి. కానీ రికార్డర్ రాయని సెన్సర్‌కు ఇవి అసలు పుట్టవు. అలాగే, ఎక్స్‌క్లూడ్ పెట్టగానే పాత వరుసలు పోవు. హోమ్ అసిస్టెంట్‌ను రీస్టార్ట్ చేశాక, అప్లై ఫిల్టర్ ఆన్ చేసి ఒకసారి పర్జ్ నడపాలి, రీప్యాక్‌తో సహా.

ఈ దారినే ఎందుకు పట్టుకున్నానంటే, దీంతో జాగా ఒక్కటే కాదు కలిసొచ్చేది. డేటాబేస్ చిన్నదైతే దాన్ని మోసే బ్యాకప్‌లూ చిన్నవవుతాయి, రీప్యాక్ త్వరగా ముగుస్తుంది, మెమరీ కార్డు అరుగుదల తగ్గుతుంది. కరెంటు పోయిన క్షణాన కార్డు మీద రాత నడుస్తూ ఉండే అవకాశమూ తగ్గుతుంది. రోజుకు రెండు మూడుసార్లు కరెంటు పోయే పల్లెలో నాకు అన్నిటికంటే ఇదే ముఖ్యం.

ఎస్‌ఎస్‌డీ వద్దంటానా? కెమెరాలు ఉంటే తప్పదు. ఫ్రిగేట్ అనే కెమెరా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టి 2 ఎంబీపీఎస్ కెమెరా ఒక్కదాన్ని రోజంతా రికార్డు చేసినా 21 జీబీలు దాటుతుంది, అక్కడ 32 జీబీ కార్డు ఏ మూలకు? స్టోరేజ్ పేజీలో 'మూవ్ డేటా డిస్క్' నొక్కితే డేటా అంతా కొత్త డిస్క్‌కు పోతుంది. ఆ డిస్క్‌లో అంతకుముందున్నది మొత్తం చెరిగిపోతుంది, పెళ్ళి ఫోటోలున్న డిస్క్ తగిలించకండి. రాస్ప్‌బెర్రీ పై 4లోని యూఎస్‌బీ పోర్టులన్నీ కలిపి ఇచ్చేది 1.2 ఆంపియర్లే కనుక మంచి అడాప్టర్ కావాలి. యూఎస్‌బీ 3 డిస్క్ పక్కనే జిగ్‌బీ డాంగిల్ (జిగ్‌బీ సిగ్నల్ అందుకునే యూఎస్‌బీ పరికరం) గుచ్చితే సిగ్నల్ దెబ్బతిని సెన్సర్లు ఒక్కొక్కటే రాలిపోతాయి, డాంగిల్‌ను ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరం పెట్టండి. కెమెరాలు లేని ఇంటికి మాత్రం, ముందు రాత తగ్గించి ఒక నెల చూశాక కొనాలో వద్దో తేల్చుకోమంటాను.

మరియాడీబీ అనే వేరే డేటాబేస్‌కు మారమనే సలహా కూడా వినిపిస్తుంది. జాగా కోసమైతే అనవసరం. అన్ని వరుసలూ అక్కడా రాయాల్సిందే.

డేటాబేస్ ఫైలునే డిలీట్ చేసి రీస్టార్ట్ కొట్టడం చివరిది. క్షణంలో డిస్క్ ఖాళీ అవుతుంది, దీర్ఘకాల స్టాటిస్టిక్స్ కూడా దాంతోనే పోతాయి. పోయిన మే నెలలో ఏసీ ఎన్ని యూనిట్లు తాగిందో, ఈ మేలో ఎన్నో పోల్చుకోవడానికి ఏమీ మిగలదు. మిద్దె మీద సోలార్ ఎన్ని కిలోవాట్లు పెట్టించాలో లెక్కలు వేస్తున్నవాళ్ళు దీని జోలికి పోవద్దు. మిగతావాళ్ళు, ఏ దారీ లేనప్పుడు కానివ్వండి.