ఎలక్ట్రీషియన్ కావాలంటే యూనియన్ అప్రెంటిస్‌షిప్ మేలా, కంపెనీలో చేరడం మేలా?

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు ఈమధ్య తరచుగా అడుగుతున్నారు: "అబ్బాయికి కాలేజీ మీద మనసు లేదండీ, ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుంటానంటున్నాడు. యూనియన్‌కి అప్లై చేయించమంటారా, ఏదైనా కంపెనీలో హెల్పర్‌గా చేర్చమంటారా?" మా మేనల్లుడి విషయంలో మా ఇంట్లోనూ ఇదే తర్జనభర్జన నడిచింది. చివరికి వాడు యూనియన్‌లోనే చేరాడు. కాబట్టి నా మొగ్గు ఎటో చెప్పనక్కర్లేదు. అయితే రెండో దారిని తీసిపారేయలేం.

అప్రెంటిస్ అనగానే మన పెద్దవాళ్లకు ఐటీఐ తర్వాత చేసే అప్రెంటిస్ గుర్తొస్తుంది. కాస్త స్టైపెండ్, ఓ సర్టిఫికెట్, ఆ తర్వాత ఉద్యోగం ఇవ్వడం కంపెనీ ఇష్టం. మన 1961 అప్రెంటిస్ చట్టం వాళ్లను కార్మికులుగా లెక్కే వేయదు, శిక్షణార్థులంటుంది. అమెరికాలో అలా కాదు. ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన అప్రెంటిస్ ప్రోగ్రాంలో చేరిన కుర్రాడు మొదటి రోజు నుంచీ జీతం తీసుకునే ఉద్యోగే. యూనియన్‌లోనైనా బయటైనా ఇంతే.

పని నేర్చుకునే కాలంలోనూ పెద్ద తేడా లేదు. ఐబీఈడబ్ల్యూ అనే ఎలక్ట్రీషియన్ల యూనియన్, నెకా అనే కాంట్రాక్టర్ల సంఘం కలిసి నడిపే ప్రోగ్రాం సాధారణంగా 5 ఏళ్లు. ఐఈసీ లాంటి నాన్-యూనియన్ కాంట్రాక్టర్ల సంఘాలవి 4 ఏళ్లు. ఎక్కడైనా సైట్‌లో సుమారు 8,000 గంటల పని, దానికి తోడు క్లాసులు. టెక్సస్‌లో జర్నీమన్ (శిక్షణ పూర్తయిన ఎలక్ట్రీషియన్) లైసెన్సుకైనా, కాలిఫోర్నియాలో జనరల్ ఎలక్ట్రీషియన్ సర్టిఫికేషన్‌కైనా అడిగేది ఆ 8,000 గంటలే. అవి యూనియన్‌లో వచ్చాయా, బయట వచ్చాయా అని ఎవరూ అడగరు.

జీతం సంగతికొస్తే, యూనియన్‌లో జర్నీమన్ రేటులో దాదాపు సగంతోనో, కొంచెం తక్కువతోనో మొదలై మెట్టు మెట్టుగా పెరుగుతుంది. ఏ మెట్టులో ఎంతో ముందే ఒప్పందంలో రాసి ఉంటుంది. హెల్త్ ఇన్సూరెన్స్, పెన్షన్ కాంట్రాక్టర్ కట్టే సొమ్ములోంచే నడుస్తాయి. జీతంలోంచి యూనియన్ డ్యూస్ (సభ్యత్వ రుసుము) పోతాయి. బయట కంపెనీల్లో ఇదంతా యజమానిని బట్టి ఉంటుంది. మంచి యజమాని దొరికి, కుర్రాడు చురుకైనవాడైతే అక్కడే తొందరగా పైకి రావచ్చు కూడా.

కానీ నా దృష్టిలో తేల్చేది జీతం కాదు. చేస్తున్న పని అయిపోయిన రోజున కుర్రాడి పరిస్థితేమిటన్నదే అసలు ప్రశ్న.

నిర్మాణ రంగంలో బిల్డింగ్ పూర్తయితే అక్కడ పని పూర్తయినట్టే. యూనియన్ అప్రెంటిస్ ఒప్పందం కాంట్రాక్టర్‌తో కాదు, శిక్షణ కమిటీతో. ఆ కమిటీలో యూనియన్ వాళ్లూ కాంట్రాక్టర్లూ సమానంగా ఉంటారు. ఒక కాంట్రాక్టర్ లేఆఫ్ ఇస్తే కుర్రాడు కమిటీకి చెబుతాడు, వాళ్లు ఇంకో కాంట్రాక్టర్ దగ్గరికి పంపుతారు. మాంద్యం వస్తే అక్కడా ఖాళీగా కూర్చోక తప్పదు. 2008 తర్వాత చాలామంది నెలల తరబడి అలా కూర్చున్నారు. అయినా ప్రోగ్రాంలో వాళ్ల స్థానం పోదు. బయట చేరినవాడికి ముందు యజమాని, ఆ తర్వాతే ప్రోగ్రాం. ఆ కంపెనీకి పని తగ్గితే జీతం ఆగుతుంది, గంటలు ఆగుతాయి, ఒక్కోసారి ఫీజు కట్టేవాళ్లు లేక క్లాసు కూడా ఆగుతుంది. కొన్నిచోట్ల ఆ సంఘాలే మరో కంపెనీని వెతికిపెడతాయి, నిజమే. కానీ అది సాయం మాత్రమే, బాధ్యత కాదు.

ఇందులోంచే మరో లాభం కూడా ఉంది. కమిటీ కుర్రాణ్ణి ఒకే చోట ఉంచేయకుండా తిప్పుతుంది. కొన్నాళ్లు ఆసుపత్రి, కొన్నాళ్లు డేటా సెంటర్, తర్వాత మోటార్ కంట్రోల్, ఫైర్ అలారం. ఇళ్ల వైరింగే చేసే కంపెనీలో ఇరుక్కున్నవాడు నాలుగేళ్లూ ఇళ్లల్లో వైరు లాగుతూనే ఉండిపోవచ్చు. కాగితం మీద ఇద్దరివీ 8,000 గంటలే. చేతికొచ్చిన పని మాత్రం ఒకటి కాదు.

యూనియన్‌తో ఇబ్బందల్లా లోపలికి వెళ్లడమే. ఆల్జీబ్రా, రీడింగ్ పరీక్ష మన పిల్లలకు పెద్ద కష్టం కాదు. వెనకబడేది ఇంటర్వ్యూలో. ఎండలో, చలిలో, ఎత్తున పని చేయగలవా, చేతులతో ఇంతవరకు ఏం చేశావు అని అడిగితే మార్కులు, కోచింగ్ క్లాసులు తప్ప చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ఆ ఇంటర్వ్యూ స్కోరును బట్టే లిస్టులో వరుస. పిలుపు రావడానికి నెలలు పట్టొచ్చు, కొన్నిచోట్ల ఏడాది దాటొచ్చు. ఇంకొకటి: శిక్షణ ముగిశాక నాన్-యూనియన్ కంపెనీకి వెళ్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలని చాలాచోట్ల రాయించుకుంటారు. సంతకం పెట్టే ముందు ఆ కాగితం చదవండి.

ఊరిని బట్టి కూడా లెక్క మారుతుంది. న్యూజెర్సీ, షికాగో, బే ఏరియాల్లో ఉంటే నేను రెండో ఆలోచన చేయను, యూనియనే. డాలస్, హ్యూస్టన్ వైపు చాలా పని నాన్-యూనియన్ కంపెనీల చేతుల్లోనే ఉంది. అక్కడ పెద్ద కమర్షియల్ పనులు చేస్తూ, రిజిస్టరైన ప్రోగ్రాం నడిపే కంపెనీ దొరికితే అందులో చేరడం తప్పేమీ కాదు.

ఫీజు కట్టి ట్రేడ్ స్కూల్లో చేరడం గురించి పెద్దగా చెప్పను. సైట్‌లో గంటలు ఎలాగూ చేయాలి, జీతమిచ్చి నేర్పే చోటుండగా ముందే డబ్బు పోయడం దేనికి?

వీసా సంగతి మాత్రం మరవకండి. రెండు దారులూ ఉద్యోగాలే కాబట్టి వర్క్ ఆథరైజేషన్ ఉండి తీరాలి. హెచ్-4 (తల్లిదండ్రుల హెచ్-1బీ మీద ఆధారపడే వీసా) మీద ఉన్న పిల్లలు వర్క్ పర్మిట్ గానీ గ్రీన్‌కార్డు గానీ వచ్చేదాకా ఈ రెండింట్లో దేనిలోనూ చేరలేరు. ఇది తెలియక అప్లికేషన్ దాకా వెళ్లి నిరాశపడుతున్న కుటుంబాలున్నాయి.

అప్లై చేసి పిలుపు కోసం చూస్తున్న కాలాన్ని ఊరికే పోనివ్వకండి. ఆ నెలల్లో నాన్-యూనియన్ కంపెనీలోనే హెల్పర్‌గా పని చేయనివ్వండి. టెక్సస్‌లో అయితే మొదలుపెట్టే ముందే రాష్ట్రం ఇచ్చే అప్రెంటిస్ లైసెన్స్ తీసుకోవాలి. పే స్టబ్‌లు (జీతం రసీదులు) దాచుకుని, ఎన్ని గంటలు ఏ పని చేశాడో కంపెనీ నుంచి సంతకంతో లెటర్ తీసుకుంటే ఇంటర్వ్యూలో చూపించుకోవచ్చు. యూనియన్ లోకల్స్ (స్థానిక శాఖలు) కొన్ని వాటిని చూసి ఒకటి రెండు మెట్లు పైన చేర్చుకుంటాయి.