మనాలి–లేహ్ దారిలో గ్యాస్ బండ: ఎక్కడ కొనాలి, ఎలా కట్టాలి, రాత్రికి ఎక్కడ ఆగాలి

హైదరాబాద్ నుంచి సొంత ఫోర్ బై ఫోర్‌లో లదాఖ్ బయల్దేరేవాళ్లు బియ్యం, పచ్చళ్లతో పాటు గ్యాస్ బండ కూడా ఇంటి దగ్గరే ఎక్కించేస్తుంటారు. అక్కడే తప్పు మొదలవుతుంది. నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా మీదుగా మనాలికి రెండు వేల కిలోమీటర్ల పైమాటే. జూన్ ఎండలో అద్దాలు బిగించి నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం మామూలు. పావుకిలో గ్యాస్ కూడా పట్టని క్యాంపు స్టవ్ క్యానిస్టర్ల మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసే ఉంటుంది, ఎవరూ చదవరు.

అందరూ భయపడేది మాత్రం ఎత్తుకు. 5,300 మీటర్లు దాటే తంగ్లంగ్ లా కనుమ మీద చిప్స్ ప్యాకెట్ బంతిలా ఉబ్బుతుంది కాబట్టి బండ కూడా పేలుతుందేమోనని. అక్కడ బయటి గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే సగానికి తగ్గుతుంది. అంటే బండ గోడ మీద అదనంగా పడేది చదరపు సెంటీమీటరుకు అరకిలో. ఆ బండను పరీక్షించేది 25 కిలోల దగ్గర. భయపడాల్సింది వేడికి, మూసిన చోటికి.

కాబట్టి కులూలోనో మనాలిలోనో కొనండి. ఇండేన్ వాళ్ల 5 కిలోల ‘ఛోటు’ గుర్తింపు కార్డు చూపిస్తే కొన్ని పెట్రోల్ బంకుల్లోనూ దొరుకుతుంది. లేహ్‌లో ఇండేన్ బాట్లింగ్ ప్లాంటే ఉంది కనుక ఈ దారికి ఆ కంపెనీదే నయం. ఇంట్లో వాడే 14.2 కిలోల ఎర్ర బండ వద్దు, దాన్ని ఇంటి వంటకు తప్ప వాడటం చట్టవిరుద్ధం. సందుల్లో నింపి ఇచ్చే బుడ్డి సిలిండర్లు ఇంకా ప్రమాదం. బండలో ద్రవం 85 శాతం మించకూడదు, వేడికి వ్యాకోచించడానికి ఖాళీ ఉండాలి. ఆ సందులో తూకం చూసేదెవరు?

కౌంటర్ దగ్గరే మూడు చూడండి. బండ మెడ దగ్గరి ఇనప పట్టీ మీద పరీక్ష గడువు: ఏ అంటే జనవరి–మార్చి, బి ఏప్రిల్–జూన్, సి జులై–సెప్టెంబర్, డి అక్టోబర్–డిసెంబర్, పక్కన సంవత్సరం. గడువు దాటితే మార్చమనండి. వాల్వు నోట్లో నాలుగు చుక్కల నీళ్లు పోస్తే బుడగలు రాకూడదు, వస్తే లోపలి రబ్బరు వాషర్ పోయినట్టే. మీ రెగ్యులేటర్ అక్కడే తగిలించి చూసుకోండి, దారి మధ్య సర్చూ గుడారాల దగ్గర చీకట్లో పట్టడం లేదని తెలిస్తే లాభం లేదు.

ఇక కట్టడం. హైలక్స్, వీ-క్రాస్ లాంటి పికప్‌ల వెనక తొట్టి అన్నిటికన్నా మంచి చోటు, గాలి ఆడుతుంది. తొట్టికి మూత బిగించి ఉంటే ఆ లాభం పోయినట్టే. థార్, జిమ్నీలలో వెనక సీటు మడిచి, సీటు వీపుకు ఆనించి నిలబెట్టాలి. పడుకోబెట్టకూడదు: వాల్వు దాకా ద్రవం వస్తుంది, అప్పుడు లీకైతే ఆవిరికి బదులు ద్రవమే బయటపడి సుమారు 250 రెట్ల గ్యాసవుతుంది. రెగ్యులేటర్ తీసేసి, దారంతో వేలాడే మూతను టక్కుమని నొక్కాలి. అడుగున రబ్బరు మ్యాట్, నడుముకొకటి, పైరింగు కిందుగా ఒకటి లాగి బిగించే రాచెట్ బెల్టులు, నేల కొక్కేలకు. సాగే బంజీ తాళ్లు లగేజీకి సరిపోతాయేమో, 50 వేగంలో దేన్నైనా గుద్దితే బండ దాని బరువుకు పాతిక ముప్పై రెట్లతో ముందుకొస్తుంది. గతుకుల్లో బెల్టు వదులవుతుంది, మొదటి గంటలో ఒకసారి, ఆపై ఆగిన ప్రతిచోటా లాగి చూడాలి. పెట్రోల్ క్యాన్, ఇన్వర్టర్, ఫ్రిజ్ ప్లగ్గు దాని పక్కన వద్దు. వెనక అద్దం రెండు వేళ్లు దించి ఉంచండి.

బయల్దేరేముందే డోము లైటు ‘ఆఫ్’లో పెట్టండి. వాసన వచ్చి తలుపు తీసినప్పుడు వెలిగేది అదే. ఎల్పీజీ గాలికన్నా బరువు, కాళ్ల దగ్గర చేరుతుంది. పైగా అక్కడి చలికి ముక్కు దిబ్బడ వేసి వాసన ఆలస్యంగా తెలుస్తుంది. వాసన తగలగానే పక్కకు ఆపి, ఇంజిన్ ఒక్కసారి ఆపేసి, మళ్లీ తాళం, రిమోట్, ఫోన్ ముట్టకుండా అందరూ దిగి తలుపులన్నీ చేత్తో తెరవాలి. నిలబడేది దిగువ వైపు కాదు, ఎగువన. దూరం వెళ్లాకే గ్యాస్ లీకు హెల్ప్‌లైన్ 1906కి ఫోన్. సిగ్నల్ చాలాచోట్ల ఉండదు కాబట్టి మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్ డ్రైవర్ చేతికి అందాలి.

బండ ఉంటే బస ఎంపిక కూడా మారుతుంది. సెల్లార్ పార్కింగున్న హోటల్ ఎంత బాగున్నా వదిలేయండి, గ్యాస్ పల్లానికే దిగుతుంది. కేలాంగ్‌లో హోటళ్లు వాలులో ఇరుకిరుగ్గా ఉంటాయి. దానికన్నా భాగా నది ఒడ్డున జిస్పా మేలు: తెరపి ఆవరణ, ఎత్తు సుమారు 3,200 మీటర్లే, నిద్ర పడుతుంది. సర్చూ 4,290 మీటర్లు. గుడారాల్లో చలి, తలనొప్పి, పైగా అక్కడ నీళ్లు 86 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడకదు. స్టవ్ గుడారం లోపల వెలిగించొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనుండదు. మంట సన్నబడితే చేయి పట్టేంత గోరువెచ్చని నీళ్లలో బండ అడుగు పెట్టండి, అంతకు మించి వేడి వద్దు. లేహ్‌కు ఆగ్నేయంగా ఉన్న హాన్లేలో హోంస్టేలదే పైచేయి, రాత్రి భోజనం వాళ్లే పెడతారు, బండ విప్పే పనే పడదు.

అసలు బండ అవసరమా అన్నది కూడా లెక్కేసుకోవాలి. సీజన్‌లో ఈ దారి మీది జింగ్‌జింగ్‌బార్, భరత్‌పూర్, పాంగ్ ఢాబాల్లో రాజ్మా అన్నం, మ్యాగీ దొరుకుతాయి. ఇద్దరు ముగ్గురైతే టీకి 230 గ్రాముల మరబిగింపు క్యానిస్టర్లు మూడు చాలు. ఐదారుగురికి రోజూ అన్నం, చారు కావాలంటేనే ఛోటు. రోజుకు రెండు గంటల మంట చొప్పున పది రోజులకు మూడు నాలుగు కిలోలు ఖర్చవుతుంది.

తిరిగిచ్చేస్తే ఎంత వెనక్కొస్తుందో, ఎక్కడ తీసుకుంటారో కొన్నప్పుడే అడిగి రసీదు దాచుకోండి. లేహ్ నుంచి విమానంలో వచ్చేవాళ్లు క్యానిస్టర్లతో సహా అక్కడే వదిలేయాలి, చెకిన్ బ్యాగులోనూ ఒప్పుకోరు. రైల్లో తెస్తే రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు.