ముఖ పక్షవాతానికి ఫిజియోథెరపీ: కాకినాడలోని ఒక కేంద్రంపై సమీక్ష

మా పిన్నికి బెల్స్ పాల్సీ (ముఖాన్ని కదిలించే నాడి దెబ్బతిని వచ్చే ముఖ పక్షవాతం) వచ్చి మూతి ఒక పక్కకు వంకర పోయినప్పుడు, డాక్టరు సలహా మీద కాకినాడలోని ఒక చిన్న ఫిజియోథెరపీ కేంద్రానికి తీసుకువెళ్లాము. ఇలాంటి సమయంలో ఇంటిల్లిపాదీ ఎంత కంగారు పడతారో చూశాను కనుక, అక్కడ మాకు నిజంగా పనికివచ్చినదేమిటో, డబ్బు పెట్టనవసరం లేనిదేమిటో వివరంగా రాస్తున్నాను.

ముందుగా మెచ్చుకోవలసింది, యంత్రాల జోలికి పోకముందు ఆ ఫిజియోథెరపిస్టు చేసిన పరీక్షను. "కనుబొమలు పైకెత్తండమ్మా" అని ఆమె మొదట నుదురు చూశారు. నుదుటి కండరాలకు మెదడులోని రెండు వైపుల నుంచీ ఆదేశాలు అందుతాయి కాబట్టి, మెదడులో వచ్చిన పక్షవాతంలో సాధారణంగా నుదుటి మీద ముడతలు పడుతూనే ఉంటాయి. ముఖాన్ని కదిలించే ఏడో కపాల నాడే దెబ్బతింటే ఆ పక్క నుదురు కూడా కదలదు. కాలు చేతుల్లో పట్టు తగ్గిందా, మాట తడబడిందా అని అడిగి, చెవిలో పొక్కులు ఉన్నాయేమో కూడా చూసి, అప్పుడు డాక్టరు చీటీ అడిగారు. నాటు మందు రాసుకుని నేరుగా అక్కడికి వచ్చిన ఒక పెద్దాయనను మా ఎదుటే ముందు ఆసుపత్రికి వెళ్లి రమ్మని పంపించారు. స్టెరాయిడ్ మాత్రలు మొదటి 72 గంటల్లోపు మొదలుపెట్టవలసిన జబ్బులో ఈ పట్టుదల చాలా అవసరం. స్కాట్లండ్‌లో జరిగి 2007లో వెలువడిన అధ్యయనంలో, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడినవారిలో 83 శాతం మంది మూడు నెలలకు పూర్తిగా కోలుకోగా, వాడనివారిలో సుమారు 64 శాతం మందే కోలుకున్నారు. పిన్నికి షుగర్ ఉంది. స్టెరాయిడ్‌తో అది పెరుగుతుంది కాబట్టి, రోజూ చూసుకున్న రీడింగులు డాక్టరుకు చూపిస్తున్నారా లేదా అని కూడా ఫిజియోథెరపిస్టు వాకబు చేశారు.

కంటి విషయంలో చూపిన శ్రద్ధకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. పిన్ని కన్ను మూయబోతే రెప్ప సగంలో ఆగి, గుడ్డు పైకి తిరిగి తెల్లగుడ్డు మాత్రమే కనిపించేది. అలా తెరుచుకుని ఉండిపోయిన కన్ను ఎండి, నల్లగుడ్డు మీద పుండు పడితే చూపుకే ముప్పు. పగలు చుక్కల మందు, రాత్రి ఆయింట్‌మెంట్ డాక్టరు రాసిచ్చినవే అయినా, పడుకునే ముందు చూపుడువేలి వెనుక భాగంతో రెప్పను మెల్లగా కిందికి దించి, అది పూర్తిగా మూసుకున్న తరువాతే, గుడ్డుకు తగలకుండా ప్లాస్టర్ అడ్డంగా అంటించడం మా చేత చేయించి చూపినది ఈమె ఒక్కరే.

జబ్బు గురించి ఓపికగా చెప్పడం కూడా వైద్యంలో భాగమే. కుక్కర్ విజిల్ వేస్తే ఎడమ చెవిలో భరించలేనంత మోతగా ఉందని, పప్పులో పులుపు సరిగా తెలియడం లేదని పిన్ని చెప్పినప్పుడు మేము కొత్త జబ్బేదో వచ్చిందని భయపడ్డాము. చెవిలో పెద్ద శబ్దాలను అణచే చిన్న కండరానికీ, నాలుక ముందు భాగపు రుచికీ ఆ ఏడో నాడితోనే సంబంధమని తెలిశాక ఆమె మనసు కుదుటపడింది.

వ్యాయామాలన్నీ అద్దం ముందే చేయించారు. గట్టిగా నవ్వమనడం, బెలూన్ ఊదించడం, చూయింగ్ గమ్ నమిలించడం అక్కడ లేవు. ప, బ, మ అక్షరాలను పెదవులు సమంగా కలిసేలా నెమ్మదిగా పలికించారు. తిరిగి పెరిగే నాడీ తంతువులు దారి తప్పితే నవ్వబోయినప్పుడు కన్ను మూసుకుపోయే అవస్థ మిగిలిపోవచ్చు, అందుకే బలం కన్నా నిదానం ముఖ్యమని ఆమె వివరించారు. ముఖ పక్షవాతం తీవ్రతను చెప్పే హౌస్-బ్రాక్‌మన్ కొలమానంలోని ఆరు స్థాయిలలో పిన్ని ఎక్కడ ఉందో కార్డు మీద రాసి ఇవ్వడం వల్ల, ఎంత మెరుగైందో మాకూ తెలుస్తూ వచ్చింది.

ఇక నాకు నచ్చనిది కరెంటు పెట్టే ప్యాకేజీ. వ్యాయామాలకు విడిగా ధర చెప్పకుండా, ముఖ కండరాలకు కరెంటు ఇచ్చే స్టిమ్యులేటర్ యంత్రం సిట్టింగులతో కలిపి ముందుగానే డబ్బు కట్టించుకున్నారు. వైద్య అధ్యయనాలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2011 నాటి సమీక్షలో ఈ కరెంటు చికిత్స వల్ల మేలు జరిగినట్టు తేలలేదు. ప్రత్యేకంగా నేర్పే ముఖ వ్యాయామాలకు మాత్రం బలహీనమైనదైనా కొంత ఆధారం కనిపించింది. ఏ చికిత్సా లేకుండానే పది మందిలో ఏడుగురు పూర్తిగా కోలుకునే జబ్బులో, నయమైన ఘనత యంత్రం ఖాతాలో పడటం తేలిక. డబ్బు సంగతి అలా ఉంచితే, అంతకన్నా బాధ కలిగించినది అద్దం హాల్లోనే ఉండటం. ఇంట్లో కూడా కొంగు అడ్డం పెట్టుకుని తింటున్న మనిషిని, మోకాళ్ల నొప్పులకు వచ్చినవారందరి ఎదుట మూతి కదపమంటే ఆమె ఎంత కుంచించుకుపోయిందో నేను చూశాను. అడిగాక ఒక తెర కట్టారు. అది మొదటి నుంచీ ఉండవలసింది.

ఈ లోపాలున్నా, మాత్రలు మొదలుపెట్టి, వ్యాయామం సరిగా నేర్చుకోవాలనుకునేవారికి ఈ కేంద్రం మంచిదనే చెబుతాను. కరెంటు వద్దని, వ్యాయామాలు మాత్రం నేర్పమని మొదటిరోజే అడగండి. మా తరువాత చేరిన ఒకరికి అలాగే ఒప్పుకున్నారు. కేంద్రం మొదటి అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు.