సెమీ వెనక 3 మీటర్లా, 6 మీటర్లా: ఏది మేలు?

ఇంగ్లండ్‌లో సెమీ డిటాచ్డ్ ఇల్లు (ఒక పక్క గోడ పక్కింటితో కలిసి ఉండేది, పొట్టిగా సెమీ) కొన్న మనవాళ్లలో ఎవరిని కదిపినా ఇదే ప్రశ్న: వెనక్కి ఎంత పెంచాలి? ఒక్క అంతస్తు ఎక్స్‌టెన్షన్ 3 మీటర్ల వరకైతే మామూలుగా ప్లానింగ్ పర్మిషన్ అడగక్కర్లేదు. 6 దాకా వెళ్లాలంటే కౌన్సిల్‌కి ముందే తెలపాలి. వాళ్లు ఇరుగుపొరుగుకి చెప్పి 21 రోజులు చూస్తారు, 42 రోజుల్లో తేలుస్తారు. ఆనుకుని ఉన్న ఇళ్లవాళ్లెవరూ అభ్యంతరం పెట్టకపోతే పెద్ద చిక్కు ఉండదు. అందుకే చాలామంది, వచ్చే స్థలాన్ని ఎందుకు వదులుకోవాలి అంటారు.

మేం ఈమధ్యే 3 మీటర్లకి ఆగాం. అలా ఆపింది వెలుతురు.

1930ల నాటి సెమీ ప్లాను ఒకసారి తలుచుకోండి. ముందు బే విండో (బయటికి పొడుచుకొచ్చిన పెద్ద కిటికీ) గది, దాని వెనక ఇంకో గది, హాలు (వీధి తలుపు నుంచి లోపలికి నడిచే దారి) చివర చిన్న కిచెన్. ఆ వెనక గదికి ఒక పక్క పక్కింటి ఉమ్మడి గోడ, ఇంకో పక్క హాలు, కిచెన్. వెలుతురు రావడానికి తోటవైపు కిటికీ ఒక్కటే దిక్కు. ఇంటి వెడల్పంతా కడితే సరిగ్గా దాని ముందే కొత్త గది లేస్తుంది, వెనక గది కాస్తా నడిమి గది అయిపోతుంది. ఆ గది 4 మీటర్ల లోతనుకుంటే, 3 కలిపినప్పుడు దాని లోపలి గోడ నుంచి తోట తలుపులకి 7 మీటర్లు. 6 కలిపితే 10. డిసెంబరులో నాలుగింటికే పొద్దు వాలిపోయే దేశంలో ఆ మూడు మీటర్ల తేడా చిన్నది కాదు. పగలంతా లైటు వేసుకుని కూర్చునే నడిమి గదులు ఎన్నో చూశాను. చివరికి అందరూ కొత్త గదిలోనే ఉంటారు, పాత గదిలో సూట్‌కేసులు చేరతాయి.

రూఫ్‌లైట్లు (కప్పులో బిగించే గాజు కిటికీలు) పెడతాం కదా అంటారు. పెట్టాలి, తప్పకుండా పెట్టాలి, అదీ పాత గోడకి దగ్గరగా. కానీ అవి వాటి కింద పడ్డంత వెలుగు పక్కగదిలోకి పంపలేవు. గాజు ఎంతైనా వేసుకోవచ్చనీ కాదు: కొత్త గది నేల వైశాల్యంలో 25 శాతం, దానికి మూసేసిన పాత కిటికీలు, తలుపుల వైశాల్యం కలిపి ఎంతవుతుందో అంత దాటితే, వేడి నష్టం లెక్కలు బిల్డింగ్ కంట్రోల్‌కి (కట్టడం నిబంధనల ప్రకారం ఉందో లేదో చూసేవాళ్లకి) చూపించాలి. పైగా 6 మీటర్లకి వాలు కప్పు వేయబోతే పై బెడ్‌రూమ్ కిటికీ అడ్డొస్తుంది, ఎత్తు 4 మీటర్లు దాటకూడదు. దాంతో ఎక్కువగా ఫ్లాట్ రూఫ్‌కే దిగాల్సి వస్తుంది.

6 వైపు ఉన్న బలమైన మాట అమ్మానాన్నలు. ఊరి నుంచి వచ్చి కొన్ని నెలలు ఉంటారు, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేరు, కింద బెడ్‌రూమూ షవరూ కావాలి. నిజమే. కానీ వాళ్లని కిటికీ లేని నడిమి గదిలో పెట్టడం నాకు మనసొప్పదు. బే విండో ఉన్న ముందు గది వాళ్లకిచ్చి, మనం కూర్చునే చోటు వెనక్కి మార్చి, నడిమి చీకట్లో షవర్, వాషింగ్ మెషీన్, స్టోర్ సర్దితే 3 మీటర్లలోనే సరిపోతుంది. పక్కింటివాళ్లు ఇప్పటికే 6 కట్టేసి, మీ తోట దక్షిణానికి ఉంటే 4, 5 మీటర్ల గురించి ఆలోచించవచ్చు.

మిగిలిన డబ్బు పాత ఇంట్లో పెట్టండి. కొత్త కిచెన్ మెరిసిపోతూ పైగదులు చలికి వణికించే ఇల్లు హాయినివ్వదు. ప్లాస్టరింగ్‌కి ముందే వైరింగ్, పైపులు, లాఫ్ట్ (కప్పు కింది అటక) ఇన్సులేషన్ అయిపోవాలి. 2000కి ముందు కట్టిన ఇంట్లో సీలింగ్ గీకే ముందు ఆస్‌బెస్టాస్ పరీక్ష చేయించండి. ఎక్స్‌టెన్షన్‌కైనా రిపేర్లకైనా వ్యాట్ 20 శాతమే.

వెనక్కి కట్టడం కాక వేరే దారులూ ఉన్నాయి. లాఫ్ట్‌ని గదిగా మార్చడం సెమీకి 50 ఘనపు మీటర్ల దాకా మామూలుగా పర్మిషన్ లేకుండా చేసుకోవచ్చు, పిల్లలకి బాగుంటుంది, పెద్దవాళ్లకి పనికిరాదు. ఇల్లు మారితే 5 లక్షల పౌండ్ల ఇంటికి స్టాంప్ డ్యూటీయే 15 వేలు.

ఎన్ని మీటర్లైనా పార్టీ వాల్ (పక్కింటితో ఉమ్మడి గోడ) సంగతి తప్పదు. పక్కింటికి 3 మీటర్లలోపు వాళ్ల పునాది కంటే లోతుగా తవ్వుతుంటే నెల ముందు నోటీసివ్వాలి. కాగితం పంపేముందు వెళ్లి మాట్లాడి రండి. వెనక మ్యాన్‌హోల్ ఉంటే మూత తీయించి పైపు ఎటు పోతోందో చూడండి. 2011 అక్టోబరు నుంచి రెండిళ్లు పంచుకునే డ్రెయిన్లు చాలావరకు వాటర్ కంపెనీవే. వాటిమీద కట్టాలంటే వాళ్ల ఒప్పందం కావాలి. ఇక మీటర్లు కొలిచేది అసలు వెనక గోడ నుంచి, అంటే 1948 జులై 1 నాటికి ఉన్న గోడ, ఆ తర్వాత కట్టిన ఇల్లయితే మొదట కట్టినప్పటి గోడ. పాత ఓనరు ఎప్పుడో 2 మీటర్లు పెంచి ఉంటే ఆ రెండూ మీ 3 లేదా 6 మీటర్లలోకే లెక్కకొస్తాయి.