ట్యూబ్‌లైటుకు ఏ చోక్: రాగిదా, ఎలక్ట్రానికా?

ట్యూబులోకి పోయే కరెంటును అదుపులో ఉంచేది చోక్. నాలుగడుగుల 36 వాట్ల ట్యూబు రాగి చోక్‌తో (రాగి తీగ చుట్టతో చేసినది) 0.43 ఆంపియర్లు తీసుకుంటుంది. ట్యూబు మీద సుమారు 103 వోల్టులు పడతాయి. 230 వోల్టుల సప్లైలో మిగతాది చోక్ మీద పడుతుంది, కానీ 127 (230 − 103) కాదు. ఆ రెండు వోల్టేజీలు ఒకే క్షణంలో శిఖరానికి చేరవు, ఈ ఫేజు తేడా వల్ల √(230² − 103²), అంటే దాదాపు 205 వోల్టులు. ఏసీ కరెంటుకు చోక్ ఇచ్చే అడ్డు, అంటే రియాక్టెన్స్, 205 ÷ 0.43 = 477 ఓములు. దాన్ని 314తో (50 హెర్ట్జ్ సప్లైకి 2πf) భాగిస్తే ఇండక్టెన్స్ సుమారు 1.5 హెన్రీలు. చోక్ వేడితో కలిపి ఖర్చు 46 వాట్లు, లాగేది 99 వోల్ట్ ఆంపియర్లు. ఈ రెండింటి నిష్పత్తి, అంటే పవర్ ఫ్యాక్టర్, 0.46. సప్లైకి సమాంతరంగా 4 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే 0.9కి చేరుతుంది. ఇంటి బిల్లు మాత్రం తగ్గదు, మీటరు లెక్కించేది యూనిట్లనే.

ఎలక్ట్రానిక్ చోక్ 20 కిలోహెర్ట్జ్ పైన పనిచేస్తుంది. మొత్తం 36 వాట్లు చాలు, స్టార్టర్ అక్కర్లేదు, మినుకూ ఉండదు. రోజుకు 8 గంటలు వెలిగితే ఏడాదికి 29 యూనిట్లు మిగులు. చౌకరకాల్లో పవర్ ఫ్యాక్టర్ 0.6 దగ్గరే ఆగుతుంది. అది హార్మోనిక్స్ (కరెంటు తరంగం ఆకారం చెడి పుట్టే అధిక ఫ్రీక్వెన్సీలు) వల్ల వచ్చేది కనుక బయట కెపాసిటర్ పెట్టినా బాగుపడదు. వోల్టేజి ఎగిరితే ట్రాన్సిస్టర్లు పోతాయి, వేడికి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఎండిపోతుంది.

రాగి చోక్ సెట్టులో రెండు కొసలే ఎర్రగా వెలుగుతుంటే ముందు స్టార్టర్ పీకండి. ట్యూబు వెంటనే వెలిగితే స్టార్టర్ కాంటాక్టులు అతుక్కున్నట్టే. కరెంటు తరచూ ఎగిరిపడే ఊళ్లో నా ఓటు రాగికే.